గోరంత కన్ను – కొండంత పరాధీనం

రాజధానిలో రాజకీయాల వేడి ఎప్పుడూ ఉండేదే. ఈ వారం దానిని కొంచెం పక్కనపెట్టి, ఒక ఆస్పత్రి గదిలో జరిగిన సంగతితో ఈ లేఖ ప్రారంభిస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. ఆ సంగతి కూడా చివరకు మంత్రిత్వ శాఖల గుమ్మం ముందుకే వచ్చి నిలుస్తుంది.

పార్వతీపురం వాస్తవ్యులైన విశ్రాంత ఉపాధ్యాయులొకరు, కొడుకు ఇక్కడ ఉద్యోగంలో ఉన్నందున, వైద్యానికి ఢిల్లీ వచ్చారు. కొడుకుకు సెలవు దొరకలేదు, మాస్టారికి హిందీ రాదు. అందుచేత నగరంలోని ఒక పెద్ద ఆస్పత్రికి నేను తోడు వెళ్లాను. శస్త్రచికిత్స జరిగి ఆరు నెలలైంది. కాన్సర్ మళ్లీ తలెత్తిందో లేదో తేల్చడానికి డాక్టర్లు పెట్ స్కాన్ రాశారు. తెల్లవారుజాము నుంచి పస్తు. తొమ్మిది గంటలకు మందు ఎక్కించి, మసక గదిలో గంటసేపు కదలకుండా పడుకోమన్నారు. ఆ గంట నిండేసరికి యంత్రం ఆగిపోయింది. కిరణాలను పట్టే భాగాలలో ఒకటి చెడిందనీ, దాని స్థానంలో అమర్చవలసినది విదేశం నుంచి రావాలనీ ఇంజనీరు చెప్పి వెళ్లాడు.

మాస్టారి నెత్తురులో తిరుగుతున్న ఆ మందులో సగం ప్రతి 110 నిమిషాలకూ కరిగిపోతుంది. రాత్రికి లెక్కలోకి వచ్చేది ఏమీ మిగలదు. మళ్లీ మందు, మళ్లీ పస్తు, మళ్లీ తేదీ కోసం పడిగాపులు. బయటికి వస్తూ ఆయన, "ఇంతకీ చెడింది నాలోనా బాబూ, దానిలోనా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చెడిన భాగం ఏమిటి, అది మన దేశంలో ఎందుకు దొరకదు అని వాకబు చేస్తే తెలిసిన విషయాలే ఈ వారం లేఖ.

ఏమిటీ కన్ను?

పెట్ స్కాన్‌కు ముందు రోగికి ఎక్కించేది ఒక రకం చక్కెర. దానికి రేడియో ధార్మిక శక్తి గల ఫ్లోరిన్-18 పరమాణువును తగిలిస్తారు. కాన్సర్ కణాలు మామూలు కణాల కంటె ఎక్కువ చక్కెరను పీల్చుకుంటాయి గనుక మందు అక్కడ పోగవుతుంది. ఫ్లోరిన్ విడిచే పాజిట్రాన్ దగ్గరలోని ఎలక్ట్రాన్‌ను కలవగానే రెండూ నశించి, రెండు గామా కిరణాలు ఒకదానికొకటి ఎదురు దిక్కులుగా దూసుకుపోతాయి. రోగి చుట్టూ వలయంగా అమర్చిన స్ఫటికాలు వాటిని అడ్డుకుంటాయి. గామా కిరణం పడినచోట స్ఫటికం ఒక్క క్షణం మిణుక్కుమంటుంది. ఆ మిణుకులో ఉండేవి ఫోటాన్లు, అంటే ఇక విడదీయడానికి వీలులేని వెలుగు తునకలు. వాటిని ఒక్కొక్కటిగా పసిగట్టి, ఏ వేళకు వచ్చాయో చెప్పే సిలికాన్ చిప్పే ఈ యంత్రానికి కన్ను.

3 మిల్లీమీటర్ల చదరంగా ఉండే అటువంటి చిప్పు మీద సుమారు 3,600 గడులుంటాయి. ప్రతి గడిలోనూ వోల్టేజిని అది తట్టుకోగల హద్దుకు కొద్దిగా పైన నిలుపుతారు. కట్ట అంచు దాకా నిండిన చెరువు ఎలా ఉంటుందో ఆ గడి అలా ఉంటుంది. ఒక్క ఫోటాన్ వచ్చి ఒక్క ఎలక్ట్రాన్‌ను కదిలిస్తే చాలు. అది మరికొన్నింటిని తట్టి, అవి ఇంకొన్నింటిని తట్టి, లక్షల ఎలక్ట్రాన్ల వెల్లువ పుడుతుంది. ఆ వెల్లువను అప్పటికప్పుడు ఆపి, గడిని తిరిగి సిద్ధం చేసే ఏర్పాటు పక్కనే ఉంటుంది. ఎన్ని గడులు పొంగాయో లెక్కిస్తే ఎన్ని ఫోటాన్లు వచ్చాయో తెలుస్తుంది.

వేళను లెక్కించడం మరీ ముఖ్యం. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. రెండు కిరణాలు చేరిన వేళల మధ్య తేడాను ఎంత సూక్ష్మంగా కొలవగలిగితే, అవి శరీరంలో ఎక్కడ పుట్టాయో అంత దగ్గరగా చెప్పవచ్చు. 2018లో సీమెన్స్ కంపెనీ తెచ్చిన స్కానర్ ఈ తేడాను 214 పికోసెకన్ల వరకు పట్టగలిగింది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో 214 భాగాలన్న మాట. దూరంలో చెబితే సుమారు 3 సెంటీమీటర్లు. దీని వల్ల బొమ్మ తేటపడుతుంది. లేదా అదే బొమ్మను తక్కువ మందుతో, తక్కువ సేపట్లో తీయవచ్చు. రోజుకు పదిమందిని చూసే యంత్రం పదిహేనుమందిని చూడగలిగితే దాని విలువ ఏమిటో వరుసలో కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇదివరలో ఈ పని గాజు గొట్టాలు చేసేవి. వాటిని ఫోటో మల్టిప్లయర్ ట్యూబులంటారు. వాటికి వేయి వోల్టుల పైబడి కావాలి. అయస్కాంతం దగ్గర అవి సరిగా పనిచేయవు గనుక ఎం.ఆర్.ఐ.తో జతకట్టలేవు. సిలికాన్ చిప్పుకు కొన్ని పదుల వోల్టులు చాలు, అయస్కాంతం దానిని బాధించదు. ట్యూబుల కాలం క్రమంగా ముగిసి చిప్పుల కాలం రావడానికి కారణం ఇదే.

పుట్టిందొకచోట, పండిందొకచోట

ఈ చిప్పు చరిత్రలో మనం నేర్చుకోదగిన పాఠం ఒకటి ఉన్నది. దీని మూలరూపాన్ని సోవియట్ యూనియన్ చివరి సంవత్సరాలలోనూ ఆ తరువాత కొంతకాలమూ గొలోవిన్, సాదిగోవ్ ప్రభృతులు రూపొందించారు. ఆ దేశం కుప్పకూలుతున్న రోజులవి. ఆలోచన అక్కడ మొలకెత్తినా పంట ఇతరుల గాదెలకు చేరింది. ట్యూబుల తయారీలో అప్పటికే పేరుపడిన జపాన్ కంపెనీ హమామత్సు చిప్పులలోనూ ముందుకు వచ్చింది. ఐర్లండ్‌లో సెన్స్ఎల్ అనే చిన్న సంస్థ ఇదే పని మీద నిలదొక్కుకున్నది. 2018లో దానిని అమెరికాకు చెందిన ఆన్ సెమీకండక్టర్ కొనివేసింది. ఇటలీలోని ట్రెంటో నగరంలో ఒక పరిశోధనా సంస్థ సొంత నమూనాలు తయారుచేసింది. వీటిలో ఏ ఒక్కటీ దేశానికి ప్రతిష్ఠ తేవాలని కట్టిన మహా కర్మాగారం కాదు. ఒక చిన్న వస్తువును పట్టుకుని ఏళ్ల తరబడి వదలకపోవడమే వాటి బలం.

చైనా మార్గం వేరు. షాంఘైలో 2011లో పుట్టిన యునైటెడ్ ఇమేజింగ్ సంస్థ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ విభాగం ఆచార్యులు సైమన్ చెర్రీ, రామ్సే బదావీల బృందంతో చేయి కలిపి, శరీరమంతటినీ ఒక్కసారే చూడగల స్కానర్‌ను తయారుచేసింది. దాని వలయం పొడవు 194 సెంటీమీటర్లు. అందులో 5,64,480 స్ఫటికాలు, వాటి వెనుక 53,760 చిప్పులు ఉన్నాయి. 2018లో అది మనుషుల బొమ్మలు తీసింది. పుట్టిన ఏడేళ్లకు ఒక సంస్థ ఆ స్థాయికి చేరడం గాలివాటున జరిగేది కాదు. 2015లో చైనా ప్రకటించిన పారిశ్రామిక ప్రణాళికలో మేలురకం వైద్య పరికరాలు ఒక ముఖ్య పద్దు. తయారైన సరుకును కొనడానికి ప్రభుత్వ ఆస్పత్రులు ఆ దేశంలో సిద్ధంగా ఉన్నాయి.

మనకు చేతకాక కాదు

ఈ విద్య మన శాస్త్రజ్ఞులకు తెలియనిదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. 2012లో హిగ్స్ బోసాన్‌ను కనిపెట్టిన జెనీవా ప్రయోగశాలలో, సి.ఎం.ఎస్. అనే మహాయంత్రానికి మన దేశం రెండు భాగాలు అందించింది. ఒకటి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారు తయారుచేసిన, కణం తాకితే మిణికే పలకలు. రెండవది, భాభా అణు పరిశోధన కేంద్రమూ ఢిల్లీ విశ్వవిద్యాలయమూ రూపొందించగా బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన సిలికాన్ డిటెక్టర్లు. అంటే మిణికే పలకల పని, సిలికాన్ పని రెండూ మన చేతుల మీదుగా జరిగినవే. అయితే 2013-14లో ఆ పలకల వెలుగును చూసే పాత పరికరాలను తీసి కొత్త చిప్పులు పెట్టవలసి వచ్చినప్పుడు వాటిని జపాన్ నుంచి తెచ్చారు. పలకలు మనవి, కన్ను మరొకరిది.

లడఖ్‌లోని హాన్లేలో, 4,300 మీటర్ల ఎత్తున, 2024 అక్టోబర్‌లో ప్రారంభించిన మేస్ టెలిస్కోపు కథ కూడా ఇటువంటిదే. 21 మీటర్ల వ్యాసం గల ఆ అద్దాల పళ్లాన్ని నిలబెట్టడంలో భాభా కేంద్రానికి అండగా నిలిచినది హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. 1967లో డాక్టర్ అయ్యగారి సాంబశివరావు దక్షతలో పుట్టిన ఆ సంస్థ గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పవలసినదేమీ లేదు. ఆ టెలిస్కోపు కెమెరాలో ఉన్న 1,088 కళ్లు పాతకాలపు ట్యూబులే. అవి కూడా దిగుమతి చేసుకున్నవే.

మొహాలీ పాఠం

ఇక చిప్పుల సంగతి. కేంద్రం 1976లో పంజాబ్‌లోని మొహాలీకి సెమీకండక్టర్ కాంప్లెక్స్‌ను మంజూరు చేసింది. 1980 దశకం మధ్యలో ఉత్పత్తి మొదలైనప్పుడు ప్రపంచంతో మనకున్న దూరం పెద్దదేమీ కాదు. 1989 ఫిబ్రవరిలో అగ్ని ప్రమాదం ఆ కర్మాగారాన్ని దహించివేసింది. తిరిగి నిలబడేసరికి కాలం చేయిదాటిపోయింది. ఆ తరువాత అది అంతరిక్ష శాఖ కిందికి వెళ్లి, రాకెట్ల అవసరాలు తీర్చే ప్రయోగశాలగా మారింది. 2022లో ఎలక్ట్రానిక్స్ శాఖకు బదిలీ అయింది. 2025 సెప్టెంబర్‌లో ఢిల్లీలో జరిగిన సెమీకండక్టర్ సభలో ప్రధానమంత్రికి అందజేసిన 'విక్రమ్' చిప్పు అక్కడ తయారైనదే.

మొహాలీ విద్య 180 నానోమీటర్ల తరానిది. చేతిలో ఇమిడే టెలిఫోన్లకు అది ఎప్పుడో పాతబడిపోయింది. అయితే ఒక్క ఫోటాన్‌ను పట్టే చిప్పుకు అతి సన్నని గీతలు అక్కరలేదు. దానికి కావలసినది సిలికాన్ శుద్ధి, గడికీ గడికీ మధ్య కచ్చితమైన పోలిక. వెలుగు లేనప్పుడు కూడా వేడికి గడులు తమంత తామే పొంగి తప్పుడు లెక్క చూపుతాయి. సిలికాన్‌లో మలినం ఎంత తక్కువైతే ఈ బెడద అంత తగ్గుతుంది. ఇది ఓర్పుతో సాధించవలసిన పని, లక్ష కోట్లతో కొనవలసినది కాదు.

లక్ష కోట్ల ప్రస్తావన ఎందుకంటే, 2021 డిసెంబర్‌లో కేంద్రం చిప్పుల కోసం 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. 2024 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని ధొలేరాలో టాటాలు, తైవాన్ సంస్థతో కలిసి, 91,000 కోట్లతో నెలకు 50,000 సిలికాన్ బిళ్లలు చేయగల కర్మాగారానికి అనుమతి పొందారు. 2025 ఆగస్టులో మన ఆంధ్రప్రదేశ్‌కు కూడా, కొరియా సంస్థ సాంకేతిక సహకారంతో, 468 కోట్ల చిప్పుల కూర్పు కేంద్రం ఒకటి మంజూరైంది. ఇవన్నీ హర్షించదగినవే. అయితే ధొలేరా వంటి కర్మాగారం ఈ చిన్న చిప్పును దగ్గరికి రానిస్తుందా అన్నదే సందేహం. స్థూలంగా లెక్కవేస్తే, 8 అంగుళాల సిలికాన్ బిళ్ల మీద 3 మిల్లీమీటర్ల చిప్పులు మూడు వేల పైచిలుకు పడతాయి. ఏడాదికి వంద స్కానర్లు చేసినా రెండు మూడు వేల బిళ్లలతో సరిపోతుంది. నెలకు 50,000 బిళ్లలు తీసే చోట ఇది ఒకటి రెండు రోజుల పని. అంత కొద్ది సరుకు కోసం ఏ వర్తకుడు యంత్రాలు సర్దుతాడు? మొహాలీ వంటి ప్రభుత్వ ప్రయోగశాలకు మాత్రం ఇది తగిన బరువు. 2021 నాటి కార్యక్రమంలోనే మొహాలీ ఆధునికీకరణను చేర్చారు. ఆ ఆధునికీకరణ దేని కోసమన్నది ఇప్పుడు తేలవలసిన ప్రశ్న.

నాలుగు శాఖల నడుమ

రాజధానిలో పని ఎక్కడ చిక్కుపడుతుందో తెలిసినవారికి ఈ కథ కొత్తగా తోచదు. చిప్పులు ఎలక్ట్రానిక్స్ శాఖవి. వైద్య పరికరాలు ఎరువులు, రసాయనాల మంత్రిత్వ శాఖలోని ఔషధ విభాగానివి. 3,420 కోట్ల ప్రోత్సాహక పథకమూ, 2023 నాటి జాతీయ వైద్య పరికరాల విధానమూ దానివే. డిటెక్టర్ల విద్య తెలిసిన శాస్త్రజ్ఞులు అణుశక్తి శాఖలో ఉన్నారు. స్కానర్లు కొనే పెద్ద ఆస్పత్రులు ఆరోగ్య శాఖ కింద ఉన్నాయి. ఎవరి దస్త్రం వారిది.

కొనుగోలు నిబంధనలలో మరొక చిక్కు ఉన్నది. 2017 నాటి ఉత్తర్వు ప్రకారం, సరుకు విలువలో 50 శాతం దేశంలో సమకూరితే ఆ అమ్మకందారుకు మొదటి తరగతి ప్రాధాన్యం లభిస్తుంది. బల్ల, తొడుగు, ఇనుప చట్రం, తీగలు ఇక్కడ చేసినా లెక్క నిండవచ్చు. కన్ను ఎక్కడిదని ఆ లెక్క అడగదు. విప్రో జీఈ వంటి సంస్థలు బెంగుళూరులో తయారీకి, పరిశోధనకు అయిదేళ్లలో 8,000 కోట్లు పెడతామని 2024 మార్చిలో ప్రకటించాయి. అది మంచిదే. ఆ డబ్బులో కొంతైనా డిటెక్టర్ వైపు మళ్లేలా చూసే నిబంధన మాత్రం కేంద్రమే రాయాలి.

వాడిన స్కానర్లను బాగుచేసి దిగుమతి చేసుకునే విషయంలో కూడా శాఖల మధ్య పొత్తు లేదు. పర్యావరణ శాఖ నిబంధనలు కొన్ని షరతులతో దారి వదిలాయి. అటువంటి దిగుమతికి తమ నియమాలలో చోటు లేదని ఔషధ నియంత్రణాధికారులు 2025లో అన్నారు. స్వదేశీ తయారీదార్ల ఆందోళనలో న్యాయం లేకపోలేదు. కాని స్వదేశీ పెట్ స్కానర్ లేకుండా పాతదానిని కూడా రానివ్వకపోతే, చిన్న పట్టణంలోని ఆస్పత్రికి అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదన్న స్థితి దాపురిస్తుంది.

కొనుక్కుంటే పోదా?

డబ్బుంటే చిప్పులు ఎవరైనా అమ్ముతారు, ఈ మాత్రానికి సొంతంగా చేయడమెందుకన్న వాదన రాజధాని కార్యాలయాలలో తరచు వినిపిస్తుంది. దానిని తేలికగా కొట్టివేయరాదు. నాలుగు చిప్పులు స్వదేశంలో చేసినంత మాత్రాన స్కాన్ ధర రేపే సగానికి తగ్గదు. స్ఫటికం ఉన్నది, మందు తయారుచేసే సైక్లోట్రాన్ ఉన్నది, బొమ్మను చదవగల డాక్టరున్నారు. 2002లో ముంబయిలోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో దేశంలో మొదటి వైద్య సైక్లోట్రాన్ పనిచేయడం మొదలుపెట్టింది. అయినా 110 నిమిషాలకు సగం కరిగే మందు చేరగల దూరంలోనే స్కానర్ ఉండాలి గనుక ఇవి పెద్ద నగరాల చుట్టూనే గుమికూడాయి. ఇవన్నీ నిజమే.

అయితే అమ్మేవాడు ఎప్పుడూ అమ్ముతాడన్న భరోసా ఏదీ? 2025 జూన్‌లో యూరోపియన్ యూనియన్, 50 లక్షల యూరోలు దాటిన ప్రభుత్వ వైద్య పరికరాల టెండర్ల నుంచి చైనా సంస్థలను తప్పించింది. మరుసటి నెలలోనే చైనా బదులు తీర్చుకున్నది. రోగుల పరికరాలు కూడా వాణిజ్య యుద్ధంలో ఆయుధాలైన కాలమిది. అంతకంటె ముఖ్యం, యంత్రం కొన్న తరువాతి పదేళ్లు. విడిభాగం ఒక్కరి దగ్గరే దొరికినంత కాలం ధర వాడిదే, గడువూ వాడిదే. మాస్టారి పస్తు వృథా కావడానికి కారణం యంత్రం కొనే స్తోమత లేకపోవడం కాదు. కొన్నదాన్ని నడుపుకునే శక్తి మన చేతిలో లేకపోవడం.

పొరుగు దేశాల స్థితి మనకంటె మెరుగు కాదు. పాకిస్తాన్‌లో అణుశక్తి సంఘమే కాన్సర్ ఆస్పత్రులు నడుపుతున్నది. శ్రీలంకలో 2016లో మహరగమ కాన్సర్ ఆస్పత్రికి పెట్ స్కానర్ కోసం ప్రజలు చందాలు పోగుచేశారు. వైద్యానికి మన దేశానికి వచ్చే విదేశీయులలో బంగ్లాదేశీయులదే పెద్ద సంఖ్యగా ఉండేది. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిన తరువాత వీసాలు బిగిసి ఎందరో రోగులు ఆగిపోయారు. ఈ దేశాలన్నింటా స్కానర్లు దూరదేశాల నుంచి వచ్చినవే. మనం ఒక చవకైన, బాగుచేసుకోగల యంత్రాన్ని రూపొందిస్తే దానికి ఇంటి పక్కనే విపణి ఉన్నది. పొరుగువారి మన్నన సంపాదించడానికి అనేక శిఖరాగ్ర సభల కంటె అది మేలైన మార్గం.

చేయవలసినది

మార్గం లేదని నిరాశపడనక్కరలేదు. టాటా మెమోరియల్ ఆస్పత్రి ఆధ్వర్యాన నడిచే జాతీయ కాన్సర్ గ్రిడ్, అనేక ఆస్పత్రుల తరఫున ఖరీదైన మందులను ఉమ్మడిగా కొని ధరలు గణనీయంగా తగ్గించింది. ఆ ఆస్పత్రి అణుశక్తి శాఖ కిందిదే; మన విశాఖపట్నంలోని హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి కూడా దాని శాఖే. గ్రిడ్ ముందుకు వచ్చి, స్వదేశీ డిటెక్టర్ ఉన్న స్కానర్లు ఇన్ని కొంటామని ముందుగా మాట ఇవ్వవచ్చు. మొహాలీ చిప్పు చేయవచ్చు. భాభా కేంద్రమూ ఇ.సి.ఐ.ఎల్.లూ దానిని పరీక్షించి డిటెక్టర్‌గా కూర్చవచ్చు. విశాఖలో 270 ఎకరాలలో వెలసిన మెడ్‌టెక్ జోన్ యంత్రానికి రూపమివ్వవచ్చు. పరిశోధనకు ధనం లేదనడానికి కూడా వీలులేదు. 2025 జూలైలో కేంద్రం లక్ష కోట్ల పరిశోధనా నిధిని ఆమోదించింది. లేనిదల్లా ఈ నలుగురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే నాథుడు.

2022లో దేశంలో కొత్తగా కాన్సర్ సోకినవారు 14 లక్షల 61 వేల పైచిలుకని భారత వైద్య పరిశోధనా మండలి అంచనా. జిల్లా ఆస్పత్రులన్నింటా మూడేళ్లలో పగటి చికిత్సా కేంద్రాలు పెడతామని 2025-26 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి ప్రకటించారు. చికిత్స జిల్లాకు వస్తుంది, సంతోషమే. రోగం ఎక్కడ దాగి ఉన్నదో చూసే కన్ను మాత్రం నగరంలోనే ఉండిపోతుంది.

మాస్టారికి స్కాన్ పదకొండు రోజుల తరువాత జరిగింది. ఆ పదకొండు రోజులూ ఆయన దినపత్రికలో చిప్పుల కర్మాగారాల వార్తలు చదివి నాకు వినిపిస్తూ వచ్చారు. ఆయన తరఫున మన తెలుగు పార్లమెంటు సభ్యులను ఒకటి కోరుతున్నాను. వచ్చే సమావేశాలలో ఆరోగ్యమంత్రిని రెండు ప్రశ్నలు అడగండి. ప్రభుత్వ ఆస్పత్రులలోని స్కానర్లు విడిభాగాల కోసం ఏడాదిలో ఎన్ని రోజులు మూలపడి ఉన్నాయి? ఆ రోజులలో మందు ఎక్కించుకుని వెనుదిరిగినవారు ఎందరు? ఆ లెక్క సభ ముందుకు వస్తే, గోరంత చిప్పు ఖరీదు ఎంతో ఏలినవారికి అప్పుడైనా తెలిసివస్తుంది.